బరంపురంలో బోర్డు లేని పింగాణీ దుకాణం: మా అమ్మమ్మ జాడీ పరీక్షలో ఏవి నెగ్గాయి, ఏవి తప్పాయి

మా బరంపురంలో ఎవరింట్లో శుభకార్యమైనా ఇచ్చేది ఒకటే, పట్టుచీర. విశాఖలో మా పిన్ని కూతురి గృహప్రవేశానికి కూడా చీరే అనుకున్నాను గానీ, దాని బీరువాలో మేమిచ్చిన బరంపురం పట్టు ఇప్పటికే నాలుగున్నాయి, ఐదోది పట్టుకెళ్తే మొహం మీదే నవ్వుతుంది. ఏమిద్దామా అని స్టాఫ్ రూములో గొణుగుతుంటే మా డ్రాయింగ్ సార్ ఒక దుకాణం సంగతి చెప్పారు. ఆకులు, పుట్టలు, సముద్రం, ఇలా చుట్టూ ఉన్నవి చూసి సెరామిక్‌లో గిన్నెలూ బొమ్మలూ చేసే ఆవిడ ఒకావిడ ఉందట, బోర్డు లేదట, ఆస్కా రోడ్డు నుంచి లోపలికి తిరిగాక అప్పడాల వాళ్ళ ఇంటి పక్క గేటట. బోర్డు లేదంటే నిజంగానే లేదు. రెండుసార్లు ఆ గేటు దాటిపోయాను, మూడోసారి అప్పడాలు ఎండబెడుతున్న మౌసీని అడిగితే చెయ్యి చూపించింది. కాబట్టి ఈ రివ్యూలో పేరు వెతక్కండి, ఉంటే కదా రాయడానికి.

వెళ్ళొచ్చా అంటే వెళ్ళండి. చూసిందల్లా మాత్రం కొనకండి. నేను ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను, తొమ్మిది వేల పైచిలుకు వదిలింది, రెండు వస్తువుల మీద కాస్త గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది కూడా.

అసలు విషయంలోకి వెళ్ళేముందు నా కొలబద్ద ఏమిటో చెప్పాలి, లేకపోతే నేనేదో కళ తెలియనిదాన్లా వాదిస్తున్నాననుకుంటారు. 1936 ఏప్రిల్ 1 దాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ రోజు నుంచి ఒడిశాలోకి వచ్చింది. గీత మారింది గానీ మా ఇళ్ళల్లో ఆవకాయ మారలేదు. ఆవకాయ ఉంటే జాడీ ఉంటుంది. మా అమ్మమ్మ జాడీ నాకంటే పెద్దది వయసులో, కింద తెలుపు, మెడ దగ్గర గోధుమరంగు. ఏటేటా ఉప్పు, ఆవపిండి, కారం, నూనె, మామిడికాయ పులుపు, అన్నీ కలిపి గుడ్డ కట్టి నెలల తరబడి పెట్టినా లోపల ఒక్క మరక లేదు, అడుగున చెమ్మ లేదు. అది కూడా స్టోన్‌వేరే, అంటే బాగా ఎక్కువ వేడిలో కాల్చి రాయిలా గట్టిపడ్డ మట్టి. ఈమధ్య షోరూముల్లో ‘స్టోన్‌వేర్’ అని కొత్తగా కనిపెట్టినట్టు చెప్తారు గానీ, తెలుగు వంటింటికి అది తరతరాలుగా తెలిసిన చుట్టమే. అందుకని పింగాణీ గిన్నె ఏది చేతిలోకి తీసుకున్నా నాకు తోచే మొదటి ప్రశ్న, దీంట్లో ఆవకాయ వేస్తే నిలబడుతుందా లేదా అని.

లోపల ముందు గది చిన్నది. రెండు చెక్క ర్యాకులు, కిటికీ కింద ఇసుక పోసిన ఒక వెడల్పాటి పళ్ళెం, దాని సంగతి తర్వాత చెప్తాను. వెనక గదిలో కుమ్మరి సారె, ప్లాస్టిక్ కవర్లు కప్పిన పచ్చి మట్టి పలకలు, మూల బియ్యం డ్రమ్ముకి అన్నలాంటి కరెంటు కిల్న్, అంటే మట్టి వస్తువులు కాల్చే ఆవం. నేను ఒడియాలోనే మొదలుపెట్టాను. మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే “ఉండమ్మా, దుకాణంలో ఉన్నాను, మళ్ళీ చేస్తాను” అన్నానో లేదో, ఆవిడ “అయ్యో, తెలుగువాళ్ళేనా! ఇంతసేపూ ఒడియా ఎందుకమ్మా?” అని కుర్చీ లాగి వేసింది. ఆవిడది పర్లాకిమిడి. బరంపురంలో ఇది మామూలే, ఇద్దరు తెలుగువాళ్ళు అరగంట ఒడియా మాట్లాడుకున్నాక గానీ బయటపడరు.

ఆవిడ పని నేర్చుకున్నది పాండిచ్చేరిలో. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు, మన దేశంలో స్టూడియో పాటరీ చేసేవాళ్ళలో చాలామందికి ఆ చోటు గురుకులం లాంటిది. ఈవిడ అక్కడ కాదు, అక్కడ నేర్చుకున్నవాళ్ళ దగ్గర రెండేళ్ళు ఉండి వచ్చిందట. ఆ మాట దాచకుండా చెప్పింది, అది నాకు నచ్చింది.

మొదట చేతికి తీసుకున్నది విస్తరాకు పళ్ళెం. మన విస్తరే, సాలాకులు పుల్లలతో కుట్టింది, ఇక్కడ ఒడియాలో ఖలీ అంటారు. మట్టిని చపాతీలా ఒత్తి, దానిమీద నిజం ఆకుల్ని ఈనెలున్న వైపు కిందికి పెట్టి రోలర్ నడిపిస్తే ముద్ర పడుతుంది. కుట్టిన పుల్లలు కూడా చిన్న చిన్న గీతల్లా పడ్డాయి. నాకు నమ్మకం కుదరక, ఏదైనా అచ్చుతో కొట్టారేమో అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి ఒక సాలాకు తెచ్చి పళ్ళెం మీద పెట్టింది. ఈనెలు ఒకటికొకటి సరిపోయాయి గానీ ఆకు పెద్దది, ముద్ర చిన్నది! టీచర్ని కదా, సంచిలో స్కేలు ఎప్పుడూ ఉంటుంది. ఆకు 22 సెంటీమీటర్లు, ముద్ర 19కి కాస్త పైన. “అదే ఆకు మేడమ్, మట్టి ముడుచుకుంది” అంది. ఆరేటప్పుడు నీరు పోయి కొంత ముడుచుకుంటుంది, కిల్న్‌లో రేణువులు ఒకదానికొకటి అతుక్కునేటప్పుడు ఇంకొంత. ఈ రకం మట్టి మొత్తం మీద నూటికి పది, పన్నెండు దాకా కుంచించుకుపోతుంది. కళ్ళముందు సాలాకు, దాని పక్కన దాని చిన్నప్పటి ఫొటోలా ఆ ముద్ర. రెండు పళ్ళేలు అక్కడే తీసేసుకున్నాను, ఒక్కోటి 1,400.

ఇంటికి తెచ్చాక మా అత్తగారు బోర్లించి, తిప్పి, వేలితో కొట్టి చూశారు. “ఏటమ్మా, విస్తరికి పద్నాలుగొందలా? సంతలో కట్టలు కట్టలు వస్తాయి, తిని పారేస్తే తోముకునే పనీ లేదు” అన్నారు. ఆ తోముకునే ముక్క మాత్రం నిజం. ఈనెల గాడుల్లో పప్పు ఇరుక్కుంటుంది, మామూలు పీచుతో రాదు, పాత టూత్ బ్రష్ ఒకటి సింకు దగ్గర పెట్టుకోవాలి. పసుపు మరక పడలేదు, నిమ్మకాయ పెడితే చెక్కు చెదరలేదు. జాడీ పరీక్షలో పాసే. అంచులు ఒకచోట కాస్త లేచాయి, టేబుల్ మీద పెడితే ఊగుతుంది. పలక ఒకవైపు ముందు ఆరిపోతే అలా వంగుతుందట. నాకు పర్లేదు. మా ఆయనకి ప్రతి ముద్దకీ పళ్ళెం ఊగితే చిరాకు.

ఇక బూడిద గిన్నెలు. ఈ దుకాణానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళానంటే వీటికోసమే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

గ్లేజ్ అంటే పింగాణీ మీద ఉండే గాజు పొర. మామూలుగా పొడులు కొని కలుపుకుంటారు. ఈవిడ వాటితోపాటు బూడిద వాడుతుంది. గోపాల్‌పూర్ వైపు వాళ్ళ నాన్నగారికి కొంచెం సరుగుడు తోట ఉండేదట. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి మాకెవరికీ మరపు రాదు. తోట తోటంతా పడుకుంది. మానులు అమ్మేశారు, రెమ్మలు ఏళ్ళ తరబడి నీళ్ళ పొయ్యిలోకి పోయాయి. ఆ పొయ్యి బూడిద వాళ్ళమ్మ గిన్నెలు తోమడానికి డబ్బాల్లో దాచేది. ఈవిడ పాండిచ్చేరి నుంచి వచ్చి ఆ డబ్బాలు చూసింది.

బూడిదని తిన్నగా పూయడానికి లేదు. నీళ్ళలో కలిపి, తేరాక పై నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి, ఇలా చాలాసార్లు కడగాలి. ఆ పారబోసే నీళ్ళు వేళ్ళ మధ్య సబ్బులా జారతాయి, చేతులు మంటెత్తుతాయి, అందుకే గ్లౌజులు. మన అమ్మమ్మలు బూడిదతో తోమితే జిడ్డు ఎందుకు పోయేదో ఇక్కడ అర్థమవుతుంది, క్షారం కదా. తర్వాత జల్లెడ పట్టి మట్టి, ఇంకో రెండు పొడులు కలిపి గిన్నెలకి పూసి 1,220, 1,240 డిగ్రీల దాకా కాలుస్తారు. చైనాలో మూడు వేల ఏళ్ళ కిందటే ఇది తెలుసు, కట్టెల ఆవంలో ఎగిరిన బూడిద కుండల భుజాల మీద పడి కరిగి తనంతట తానే గాజు అయిపోతే చూసి నేర్చుకున్నారు. వరి ఊక బూడిద అయితే దాదాపు అంతా సిలికానే, అంత తేలిగ్గా కరగదు, దాన్ని కలిపితే పాలమీగడలా తెల్లగా మబ్బుగా వస్తుంది. ఆవిడ దగ్గర రెండూ ఉన్నాయి. నాకు సరుగుడుదే నచ్చింది.

ఆ గిన్నె ఎలా ఉంటుందంటే, పై అంచు దగ్గర ముదురు గోధుమరంగు, అక్కణ్ణుంచి కిందికి తేనెరంగులో సన్నని ధారలు. వాన నీళ్ళు మట్టిగోడ మీద నుంచి జారితే పడే చారలు చూశారు కదా, అవే. ఒక్కో ధార ఒక్కోచోట ఆగింది. నేను కొన్నదానికి అడుగు అంచు మీద ఒక బొట్టు వేలాడుతూ ఉండిపోయింది, జీళ్ళపాకం బొట్టులా, లోపలికి వెలుతురు పోతుంది. ఇంకొంచెం వేడి ఎక్కువైతే ఆ బొట్టు కిందికి జారి గిన్నెని కిల్న్ పలకకి అతికించేసేది. అలా అతుక్కుపోయినవి వెనక బకెట్లో ఒక డజను చూశాను, ఉలి పెట్టి కొట్టి తీసినవి. “ఆకు బొమ్మ వేస్తే ఎలా వస్తుందో నాకు ముందే తెలుసమ్మా, ఇది మాత్రం మూత తీసేదాకా నాకూ తెలీదు” అంది. ప్రకృతి నుంచి ప్రేరణ, ప్రేరణ అని ఇలాంటి దుకాణాల్లో ఊరికే అంటుంటారు, ఆకు బొమ్మ అతికించి. ఇక్కడ చెట్టే వచ్చి గిన్నె మీద కూర్చుంది. ఎక్కడా చెట్టు బొమ్మ లేదు.

జాడీ పరీక్ష సంగతా? దాంట్లో నిమ్మకాయ ఊరగాయ వేసి మూడు నెలలు ఉంచి చూశాను. మచ్చ లేదు. ధర 1,100, మామూలు పెరుగు గిన్నె సైజు. ఎక్కువే. కానీ ఆ బకెట్ చూశాక బేరం ఆడబుద్ధి కాలేదు.

కిటికీ కింద ఇసుక పళ్ళెం అన్నాను కదా. దాంట్లో తాబేలు గుడ్లున్నాయి. మట్టివే, తెల్లటివి, గ్లేజ్ లేదు, పింగ్‌పాంగ్ బంతంత. మొత్తం లెక్కపెట్టాను, 104. కొన్ని పూర్తిగా ఇసుకలో, కొన్ని సగం బయటికి. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు మా జిల్లాలోనే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో వచ్చి అక్కడ గుడ్లు పెడతాయి, 2025లో అయితే 7 లక్షలకు దగ్గరగా వచ్చాయి. ఒక్కో తాబేలు వెనక కాళ్ళతో గొయ్యి తీసి సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. చిన్నప్పుడు నాన్న మమ్మల్ని పొడంపేట వైపు తీసుకెళ్ళి టార్చి వెయ్యొద్దని గదమాయించి చీకట్లో కూర్చోబెట్టిన రాత్రి ఒకటుంది. తెల్లారాక కుక్కలు తవ్వి పారేసిన ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. కోడిగుడ్డులా పెళుసుగా ఉండదది, మెత్తగా తోలులా ఉండి, నొక్కితే సొట్ట పడుతుంది.

ఆ సొట్ట ఈవిడ పట్టుకుంది. ప్రతి గుడ్డు మీదా బొటనవేలు ముద్రంత చిన్న సొట్ట, ఏ రెండూ ఒకచోట లేవు. ఒకటి తీసి చేతిలో పెట్టుకున్నాను. గ్లేజ్ లేకపోయినా గరగర లేదు, పచ్చిగా ఉన్నప్పుడు నున్నని గులకరాయితో రుద్దుతారట. లోపల బోలు, బరువు లేదు. ఒకవైపు సూది మొనంత రంధ్రం, అది లేకపోతే లోపలి గాలీ ఆవిరీ బయటికి దారిలేక కాలేటప్పుడు పగిలిపోతుంది. గట్టిగా నొక్కి చూశాను. సొట్ట ఉంది గానీ మెత్తదనం లేదు, రాయి! వేలు ఒకటి అనుకుంటే చెయ్యి ఇంకొకటి చెప్పింది. ఇలా నాకు ఏ మ్యూజియంలోనూ అనిపించలేదు. (మ్యూజియంలో ముట్టుకోనివ్వరు కూడా అనుకోండి.) పళ్ళెం మొత్తం అమ్మదు, ఐదు గుడ్ల సెట్టు మాత్రం 2,200. వీటికి జాడీ పరీక్ష లేదు, దేనికీ పనికిరావు. నేను కొన్నాను.

ఇప్పుడు నచ్చనివి. గోడకి తగిలించే పళ్ళేలు ఒక ర్యాకు నిండా ఉన్నాయి, తామరపువ్వు మీద కొంగ, కొమ్మ మీద చిలక, రాయి మీద పీత. పనితనం ఉంది, పీత కాళ్ళ మీద నూగు కూడా కనిపిస్తుంది. కానీ అంతే. పదహారో శతాబ్దంలో ఫ్రాన్సులో పాలిస్సీ అని ఒకాయన పాముల్నీ బల్లుల్నీ ఆకుల్నీ నిజమైనవాటి మీదే అచ్చు తీసి పళ్ళేల నిండా పరిచేవాడు, గ్లేజ్ రహస్యం పట్టుకోవడానికి కట్టెలైపోతే ఇంట్లో బల్లలు, నేల చెక్కలు కూడా ఆవంలో వేశానని ఆయనే రాసుకున్నాడు. అంత పిచ్చి ఉంటే ఆ పాములకి అర్థం ఉంది. ఇక్కడ పీత పిచ్చితో చేసింది కాదు, ఎవరో అడిగితే చేసింది. ఆవిడే ఒప్పుకుంది కూడా, “ఇవే అమ్మా ఎక్కువ అమ్ముడుపోయేవి, కరెంటు బిల్లు వీటితోనే కడతాను” అని. సరే, పీత వల్ల బూడిద గిన్నెలు బతుకుతున్నాయనుకుంటే దానిమీద కోపం లేదు. కానీ నన్ను కొనమంటే కొనను. బదులుగా మన బెలగుంఠ ఇత్తడి చేప కొనుక్కోండి, గంజాం జిల్లాదే, ముక్కలు ముక్కలుగా అతికి ఉంటుంది, పట్టుకుంటే చేతిలో నిజం చేపలా మెలికలు తిరుగుతుంది. ఇత్తడి చేప కదిలిందంటే పింగాణీ పీత కదలకుండా కూర్చుంటే ఎలా?

గొడవ సంగతి. మొదటిది తామరాకు గిన్నె. పచ్చరంగు, అంచులు పైకి లేచి, మధ్యలో ఆకు బొడ్డు దగ్గర రంగు చిక్కగా గుమికూడి ఎంత బాగుందంటే, అడగకుండానే ప్యాక్ చేయించుకున్నాను. ఇంటికి వచ్చాక అనుమానం వచ్చింది. గ్లేజ్‌కి రంగిచ్చేది అందులో కలిసిన లోహం. ఇనుముతో పచ్చరంగు రావాలంటే పొగ కమ్మేలా, ఆక్సిజన్ తక్కువగా ఉండేలా గ్యాస్ కిల్న్‌లో కాల్చాలి. కరెంటు కిల్న్‌లో గాలి బాగా ఆడుతుంది, అందులో ఇనుము తేనెరంగో గోధుమరంగో ఇస్తుంది. అక్కడ అంత చిక్కని పచ్చదనం అంటే సాధారణంగా రాగి. రాగి గ్లేజ్ సరిగ్గా కుదరకపోతే పులుపు తగిలినప్పుడు కొంచెం కొంచెం బయటికి వస్తుంది. రాత్రి ఒక నిమ్మచెక్క బోర్లించి పెట్టి పడుకున్నాను. పొద్దున తీసి కడిగితే చెక్క ఉన్నంత మేర నెలవంకలా ఒక పాలిపోయిన మచ్చ, వేలితో రాస్తే గరుకు. పక్కనంతా మెరుస్తోంది, అక్కడ మెరుపు పోయింది. అలాంటిదాంట్లో చింతపండు పులుసు పోసుకుని తినేవాళ్ళం మేము!

పట్టుకెళ్ళి చూపించాను. మొదట “ఇది పళ్ళు పెట్టుకోవడానికమ్మా” అంది. మరి అమ్మేటప్పుడు చెప్పొద్దా, ఆ ర్యాకులో తినే గిన్నెల మధ్యే పెట్టారు కదా అని నేనూ గొంతు పెంచాను. కాసేపు చూసి, ఇంకేం వాదించకుండా డబ్బు ఫోన్లో తిరిగి వేసేసింది. పదిహేను రోజుల తర్వాత వెళ్తే పచ్చవన్నీ వేరే అరలోకి మారాయి, ఒక్కోదాని కింద చిన్న కాగితం, తినడానికి కాదు అని ఒడియాలో, ఇంగ్లీషులో. తెలుగులో లేదు. అది కూడా చెప్పి వచ్చాను.

రెండోది చెదపుట్ట ఆకారంలో ఉన్న పూలకూజా. బయట గ్లేజ్ లేదు, మట్టి గరుకుగా, ముట్టుకుంటే నిజం పుట్టలానే ఉంటుంది. నీళ్ళు పోసి రెండు లిల్లీలు పెట్టాను. మూడో రోజు ఎత్తితే మా టేకు స్టూలు మీద తెల్లటి గుండ్రం, పాలిష్ పోయింది. మట్టి కూజా చెమర్చాలి, అప్పుడే నీళ్ళు చల్లబడతాయి, ఎండాకాలం మా కుమ్మరి వీధిలో కొనేది అందుకే. పూలకూజా చెమర్చకూడదు. అడిగితే, ఆ విడత కాలుస్తుండగా కాలబైశాఖి గాలివాన వచ్చి కరెంటు పోయిందని, వేడి పూర్తిగా అందలేదని, మళ్ళీ కాల్చాల్సింది పైకి బాగానే కనిపిస్తున్నాయని పెట్టేశానని చెప్పింది. నిజం చెప్పినందుకు సంతోషమే గానీ నా స్టూలు పోయింది. కూజా మార్చి ఇచ్చింది, స్టూలు గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. మీరు కొంటే ఒక పని చెయ్యండి, నీళ్ళు నింపి పాత పేపరు మీద ఒక రాత్రంతా పెట్టండి. పొద్దున అక్షరాలు తడిస్తే వెనక్కి ఇచ్చెయ్యండి.

ఆదివారాలు పిల్లలకి నేర్పుతుంది, రెండు గంటలకి 500, మట్టి, కాల్చడం అందులోనే. మా వాడు కప్ప చేస్తానని కూర్చుని చివరికి ఆవడ చేశాడు. కాలేటప్పుడు అది రెండు ముక్కలైంది. మట్టి మందంగా ఉండి లోపల తడి ఆరలేదట, వాడికి ఆ ముక్కలు చూపించి ఎక్కడ తప్పో చెప్పి, మళ్ళీ చేయించింది, డబ్బు తీసుకోలేదు. ఆవిడ కోపం లేకుండా చెప్పే పద్ధతి చూసి, టీచర్‌గా నాకు కాస్త సిగ్గేసింది.

మిగతా వివరాలు: పొద్దున పదకొండు నుంచి, కానీ కిల్న్ పెట్టిన మర్నాడు వెళ్తే ఏమీ చూపించదు, చల్లారడానికి ఒక రోజంతా పడుతుంది, తొందరపడి మూత తీస్తే గిన్నెలు చిట్లుతాయి. ఫోన్ చేసి వెళ్ళడం మేలు. సందులో కారు తిరగదు, స్కూటీ అయితే సరే. ప్యాకింగ్ మాత్రం పాస్ మార్కులే, రెండు పేపర్లు చుట్టి క్యారీ బ్యాగులో పెట్టి ఇస్తుంది. నేను విశాఖ రైల్లో తీసుకెళ్ళాలని చెప్తే లోపల్నుంచి వరిగడ్డి తెచ్చి అట్టపెట్టెలో కూరింది, అది భేషుగ్గా ఉంది. కాబట్టి గడ్డి అడగండి, అడక్కపోతే ఇవ్వదు. బేరాలు లేవు, ఆడినా నవ్వి ఊరుకుంటుంది.

పిన్ని కూతురికి చివరికి ఇచ్చింది సరుగుడు బూడిద గిన్నే. ఫైలిన్ కథంతా చెప్పి, ఆ పాకం బొట్టు చూపించి, దీంట్లో ఏ పచ్చడైనా వెయ్యవే, నేను పరీక్షించాను అని మరీ మరీ చెప్పి వచ్చాను. నిన్న కొత్తింటి ఫొటోలు పంపింది. హాల్లో టీవీ పక్కన గిన్నె ఉంది, దాంట్లో బండి తాళాలు, ఒక మాత్రల షీటు, రెండు రబ్బరు బ్యాండ్లు. ఇదేంటే అని ఫోన్ చేస్తే, “పచ్చడి వేస్తే మరక పడుతుందేమో అక్కా” అంది.